పది సంతకాలు, ఒక వేలిముద్ర

ముసురు పట్టి అది మూడో రోజు. ఆడపిల్లల హాస్టల్ బోరు మోటరు స్టార్టరులోకి నీళ్ళు దిగితే, దాన్ని విప్పి వరండాలో పాత పేపరు మీద పరిచి ఆరబెడుతున్నాను. పక్కన ఇంకో రెండు ఫ్యాన్లు ఉన్నాయి విప్పడానికి. పదిన్నర అయి ఉంటుంది. ఎల్లవ్వ కొంగు నెత్తి మీద కప్పుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చింది. ఎల్లవ్వ మా కాలేజీలో గదులు ఊడ్చే మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. ఆమె బిడ్డను కాజీపేటలో ఇచ్చింది, ఆ పొద్దు అక్కడి నుంచే వస్తోంది.

"సమ్మయ్యా, సారు పోయిండట."

"ఏ సారు?"

"మన సారు" అన్నది.

మా కాలేజీలో సార్లు నలభై మంది దాకా ఉంటారు. ఎల్లవ్వ మన సారు అంటే ఒక్కరే. ఫిజిక్సు హెడ్డుగా చేసి, ఇక్కడి నుంచి బదిలీ మీద పోయి, రిటైరై కాజీపేటకు తిరిగి వచ్చిన సారు. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి అన్నాడట. రైల్వే దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందట. నేను స్క్రూలు లెక్కపెట్టి డబ్బాలో వేసి, మూత పెట్టి, స్టార్టరు మీద సంచి కప్పి లేచాను. ఆ పని మరునాడు పూర్తి చేశాను.

నేను ఈ కాలేజీలో ఎలక్ట్రీషియన్‌ని. మాది కేసముద్రం అవతల చిన్న ఊరు, వ్యవసాయం. ఐటీఐ చదివి డెబ్బైల నడుమ ఇక్కడ టెంపరరీగా చేరాను. రాయడం నాకు అలవాటు లేదు. ఎక్కువ చెప్పడం కూడా లేదు. సారు గురించి కాలేజీలో పెట్టిన సంతాప సభలో చెప్పినవన్నీ నిజమే. అక్కడ చెప్పనిది ఒకటి ఉంది. అది తెలిసిన వాళ్ళు ఇంకా ఈ కాలేజీలోనే ఉన్నారు, అందులో నేనూ ఒకణ్ణి. అందుకని రాస్తున్నాను.

సారు పొట్టి మనిషి. సైకిలు మీద వచ్చేవాడు. వాన ఉన్నా ఎండ ఉన్నా సైకిలుకు ఒక గొడుగు కట్టి ఉండేది, దాన్ని విప్పగా నేను ఎప్పుడూ చూడలేదు. అడిగితే, "ఇది నాకు కాదయ్యా, ఎవరికన్న అవసరమైతే" అనేవాడు. సారు వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. ఆయన భార్య మిషన్ బడిలో లెక్కలు చెప్పేది. మేమందరం ఆమెను టీచరమ్మ అనేవాళ్ళం.

ఏదైనా చెడిపోతే సారు ముందుగా దాని దగ్గర కూర్చునేవాడు. ప్రయోగశాలలో ఒకసారి ఒక పిల్లవాడు మీటరు కాల్చాడు. ల్యాబు అసిస్టెంటు "ఎవడ్రా కాల్చింది" అని అరుస్తున్నాడు. సారు వచ్చి, "ఎవలు చేసిండ్రని అడిగితె అందరు నోరు మూసుకుంటరు. ఎట్లయిందని అడుగు, వాడే చెప్తడు" అన్నాడు. నిజంగానే ఆ పిల్లవాడే ముందుకు వచ్చి చెప్పాడు. ఇది సారు చాలాసార్లు అన్న మాట. వినడానికి చిన్నది. దీని మీద నిలబడడానికి ఆయన ఎంత ఇచ్చుకున్నాడో తరువాత తెలిసింది.

ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, డెబ్బైల ఆఖర్లో మా కాలేజీ పిల్లలు కంప్యూటరు పాఠం చదివారు, కంప్యూటరును చూడలేదు. పిల్లలు రాసిన ప్రోగ్రాములను అట్ట కార్డుల మీద రంధ్రాలుగా కొట్టించి, డబ్బాలో సర్ది, శనివారం పొద్దుటి బండికి సారు హైదరాబాదు తీసుకుపోయేవాడు. అక్కడ ఒక ఆఫీసులోని కంప్యూటరులో వేయించి, అచ్చయిన కాగితాలు పట్టుకుని వచ్చేవాడు. ఒక కామా తప్పితే ఆ వారం పోయినట్టే. ఒకసారి డబ్బాలు రెండు ఉంటే నన్ను వెంట రమ్మన్నాడు. టికెట్ కలెక్టరు డబ్బా తెరిపించి చూశాడు.

"ఏంది సారూ, పేకలా?"

"అవునయ్యా" అన్నాడు సారు. "గెలుస్తమో ఓడుతమో సాయంత్రం ఎరుకైతది."

ఆ రోజు ముప్పై మందిలో ఇరవై ఇద్దరి ప్రోగ్రాములు తప్పాయి. తిరుగు బండిలో సారు ఒక్కొక్క కాగితం తీసి ఎక్కడ తప్పిందో పెన్సిలుతో గీస్తూ కూర్చున్నాడు. జనగామ దాటాక నాకు నిద్ర పట్టింది. కాజీపేటలో లేపాడు. అప్పటికీ గీస్తూనే ఉన్నాడు.

ఎనభైలు మొదలైన తరువాత మా కాలేజీకే ఒక కంప్యూటరు ఇస్తామని పైనుంచి కాగితం వచ్చింది. ఎక్కడ పెడతారు, కరెంటు ఎట్లా, ఎవరు చూసుకుంటారు, అన్నీ ప్లాను రాసి పంపాలి. ప్రిన్సిపాలు ఆ పని సారుకు అప్పగించాడు. వేరే వాళ్ళయితే గదిలో కూర్చుని రెండు రోజుల్లో రాసి పంపేవాళ్ళు. సారు కమిటీ వేశాడు. అందులో లెక్కల లెక్చరరు, ఎలక్ట్రికల్ లెక్చరరు ఉండడం అందరూ అనుకున్నదే. టైపిస్టు పేరు, ఇద్దరు ల్యాబు అసిస్టెంట్ల పేర్లు, నా పేరు, ఎల్లవ్వ పేరు కూడా నోటీసు బోర్డు మీద చూసి జనం నవ్వారు. అందరం కలిసి పదకొండు మందిమి.

గురువారం నాలుగు తరువాత ఫిజిక్సు ల్యాబులో కూర్చునేవాళ్ళం. అందరికీ ల్యాబు స్టూళ్ళే. "కుర్చీలు వేస్తె చేతులున్న కుర్చీ ఎవరిదని లొల్లి" అనేవాడు సారు. ఆయన పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. రేపు ఏదన్నా చెడిపోతే ముందుగా ఎవర్ని తిడతారో, వాళ్ళే ముందు మాట్లాడాలి. హెడ్డు ఆఖర్న.

మొదటి గురువారం లెక్కల లెక్చరరు గొంతు సవరించుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు, ఏ కంపెనీ మిషను మంచిదని.

"ఆగు సారూ" అన్నాడు మన సారు. "ముందు ఎల్లవ్వ చెప్పాలె."

ఎల్లవ్వ స్టూలు మీద కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "నేనేం చెప్త సారూ. నాకేం ఎరుక గా మిషను సంగతి?"

"గది ఊడ్చేది ఎవరు?"

"నేనే."

"ఊడ్చంగ ఏదన్న తెగితె ఎవర్నంటరు?"

"ఇంకెవర్నంటరు. నన్నే అంటరు."

"మరి నువ్వే చెప్పు. కూసొని చెప్పు."

కూర్చుంది. నేల వైపు చూసి, "దుమ్ము ఎట్ల ఎత్తాలె సారూ? చీపురు పెడితె లేస్తది. నీళ్ళు పోస్తె మీ వైర్లున్నయంటరు. నీళ్ళు పొయ్యాల్నా వద్దా, గదొక్కటి చెప్పుండ్రి" అన్నది.

లెక్కల లెక్చరరు ఎలక్ట్రికల్ లెక్చరరు వైపు చూశాడు. సారు లేచి బోర్డు మీద ఒకటో అంకె వేసి దుమ్ము అని రాశాడు. మా ప్లానులో మొదటి మాట అదే.

తరువాత నేను చెప్పాను. నాట్లప్పుడు చుట్టుపక్కల బాయిల మీది మోటర్లన్నీ ఒకేసారి వేస్తారు, కాలేజీలో బల్బులు ఎర్రబడతాయి, ఆ కరెంటుకు మిషను ఆగదు, దానికి వేరే లైను, స్టెబిలైజరు కావాలి అని. అంత మంది సార్ల ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. సారు రెండో అంకె వేసి అది రాశాడు. టైపిస్టు కిటికీ ఎండ గురించి చెప్పాడు. దానితో మేడ మీది పడమటి గది వద్దని, కింద ఫిజిక్సు ల్యాబు వెనక గది కావాలని తేలింది. ఆరు గురువారాలు అట్లా కూర్చున్నాం. హోటలు నుంచి మిర్చీ బజ్జీలు తెప్పించేవాడు సారు. లెక్కల లెక్చరరు మొదట్లో గడియారం చూసుకునేవాడు. నాలుగో వారం నుంచి ఎల్లవ్వ పక్కన కూర్చుని, "అవ్వా, నీ పాయింటు చెప్పు, మేం ఇంటికి పోవాలె" అని ఎగతాళి చేసేవాడు. ఆమె, "నీకేం బాబూ, ఇంటి కాడ వండి పెట్టేటోళ్ళున్నరు. నేను పోయి పొయ్యి రాజెయ్యాలె" అనేది. ఈ కాలేజీలో మేమూ మనుషులమేనని నేను అనుకున్న రోజులు అవి.

ఇక అసలు సంగతి.

కంప్యూటరుకు ఎర్త్ కావాలి. గుంత తవ్వి, రాగి పలక దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి పూడ్చి, దాని నుంచి తీగ లాగుతారు. మిషను ఒంటి మీదికి కరెంటు వస్తే ఆ తీగ గుండా భూమిలోకి దిగిపోతుంది. భూమి తడిగా ఉంటేనే దిగుతుంది. గుంత ఎక్కడ తవ్వాలో, ఎంత లోతు తవ్వాలో చెప్పే పని నాది. శ్రావణంలో తవ్వించాను. ఆరడుగులకు బండ తగిలింది. అప్పటికే గుంతలో నీళ్ళు ఊరుతున్నాయి. మీటరు పెట్టి కొలిస్తే కంపెనీ వాళ్ళు అడిగిన దానికంటే బాగా వచ్చింది.

సారు గుంత అంచున గొంతుక్కూర్చుని చూశాడు. "బండ తగిలింది గద సమ్మయ్యా. చాలునా?"

"చాలు సార్. నీళ్ళు ఊరుతానయ్."

"నమ్మకమేనా?"

"నమ్మకమే సార్."

"నీకు నమ్మకమైతే సరే" అన్నాడు.

ఆ వారమే ప్లాను కాగితం మీద అందరం సంతకాలు పెట్టాం. పది సంతకాలు, ఎల్లవ్వ వేలిముద్ర. సారు సంతకం అన్నిటికంటే కింద ఉంది. సంక్రాంతి దాటినాక మిషను వచ్చింది. చెప్పులు బయట విడిచి లోపలికి పోయేవాళ్ళం. పిల్లలు వరుస కట్టి అద్దంలోంచి చూశారు. సారు హైదరాబాదు బండి ఎక్కడం మానేశాడు.

ఏప్రిల్ ఆఖర్లో ఒక పొద్దున ఎల్లవ్వ నా దగ్గరికి వచ్చింది. "సమ్మయ్యా, గా బీరువ లెక్క ఉన్న డబ్బను తడిబట్టతోని తుడుస్తాంటె చేతికి చీమలు కుట్టినట్టు అయితాంది."

"కంప్యూటరుకు నువ్వంటె ఇష్టమైనట్టున్నదవ్వా" అన్నాను.

"నవ్వులాటకు చెప్తలేను కొడుకా."

"తడిబట్ట ఎవరు పెట్టమన్నరు? పొడిబట్టతోని తుడువు."

ఆమె పోయింది. ప్లాను అయిపోయింది కాబట్టి గురువారాలు కూడా అయిపోయాయి. అవి ఉండి ఉంటే ఎల్లవ్వ ఈ మాట అందరి ముందు, అందరికంటే ముందు చెప్పేది. సారు విని ఉండేవాడు. నేను ఒక్కణ్ణే విన్నాను, విని నవ్వాను.

తొమ్మిది పది రోజులకు మిషను కాలిపోయింది. గదిలో కాలిన వాసన. లోపలి బోర్డులు నల్లబడ్డాయి. పిల్లలు ఆ మూడు నెలలు చేసిన పనంతా అందులోనే ఉంది, అదీ పోయింది. మనిషి ప్రాణం పోలేదు, అది అదృష్టం. కంపెనీ ఇంజనీరు వచ్చి ఎర్త్ కొలిచి నా ముఖం వైపు చూశాడు. ముల్లు చివరి దాకా పోయింది, అంటే ఎర్త్ లేనట్టే. గుంత మీది మట్టి పర్రెలు విచ్చి ఉంది. ఇనుప చువ్వతో గుచ్చితే లోపల బండ ఠంగుమన్నది.

ఆ ఆదివారం ఊరికి పోయి మా నాయినకు చెప్పాను. ఆయన చదువుకోలేదు. అంతా విని, "శ్రావణంల బాయిని జూసి ఎండకాలం మడి కట్టేటోడు ఉంటడారా? నువ్వు నా కడుపుననే పుట్టినవా?" అన్నాడు. మా బాయిలో నీళ్ళు ఏ నెలలో ఎన్ని మెట్లు దిగుతాయో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. కాలేజీ గుంత కాడ మాత్రం అది గుర్తుకు రాలేదు. మీటరు చేతిలో ఉంది కదా అని, ముల్లునే చూశాను.

విచారణకు హైదరాబాదు నుంచి ఆఫీసరు వచ్చాడు. ప్రిన్సిపాలు గదిలో సారును పిలిచి, బాధ్యుడు ఎవరని అడిగాడు. టైపిస్టు పక్కనే కూర్చుని రాసుకుంటున్నాడు కాబట్టి మాటలు తెలిశాయి. సారు ప్లాను కాగితం ముందు పెట్టాడట.

"ఇందులో ఉన్నవాళ్ళమే."

"పదకొండు మందా? ఒక్క పేరు చెప్పండి."

"ప్లాను ఒక్కరిది కాదు సార్. ఎట్లయిందో చెప్తాను, రాసుకోండి."

"ఎట్లా అయిందో నాకెందుకు? గుంత తవ్వించింది ఎవరు?"

"కమిటీ."

ఇట్లా రెండు రోజులు. నా పేరు ఆయన నోట రాలేదు. ఎలక్ట్రీషియన్ అనే మాట కూడా రాలేదు.

మూడో రోజు ఆఫీసు పెద్ద క్లర్కు మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచాడు. నా వంతు మధ్యాహ్నం వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు, నా మంచికే చెప్పాడు.

"ఏడేండ్ల సంది టెంపరరీ. నీ ఫైలు ప్రిన్సిపాలు సారు టేబుల్ మీదనే ఉన్నది. జర ఆలోచించు. రెండు లైన్లు రాస్తె ఫికర్ ఉండదు."

"ఏం రాయాలె?"

"హెడ్డు చెప్తె సంతకం పెట్టిన, నాకేం తెలువదు. గంతే. అందరు గట్లనే రాసిండ్రు."

టేబుల్ మీద ఎనిమిది కాగితాలు ఉన్నాయి. పైనున్నది లెక్కల లెక్చరరుది, ఆయన రాత నాకు తెలుసు. నాది తొమ్మిదోది. ఎవరూ బెదిరించలేదు. పెన్ను కూడా నాదే. రాసి, సంతకం పెట్టి, వరండాలోకి వచ్చి ఫ్యూజు పెట్టె మూత సరిచేశాను, అది వదులుగా ఉంటే.

నా తరువాత ఎల్లవ్వను పిలిచారు. కిటికీ తెరిచే ఉంది.

"నాకు రాయరాదు గద సారూ."

"రాసిందే ఉన్నది. వేలిముద్ర పెట్టు."

"ఏమని ఉన్నది అండ్ల?"

పెద్ద క్లర్కు చదివి వినిపించాడు.

"ఒక్కసారి పెట్టిన గద సారూ, అందరు కూసున్ననాడు. ఒక్క వేలు రెండు మాటలు ఎట్ల చెప్తది?" అని బయటికి వచ్చింది. నన్ను చూసింది. బకెట్టు తీసుకుని పోయింది. ఆమె వేలిముద్రతో పెద్దగా పని లేదని వాళ్ళు కూడా వదిలేశారు.

జూన్‌లో సారుకు బదిలీ కాగితం వచ్చింది, గోదావరి అవతలికి. వీడ్కోలు సభలో దండ వేశారు. ప్రిన్సిపాలు మాట్లాడాడు. కమిటీ వాళ్ళం ఎవరం నోరు తెరవలేదు. ఆఖర్న సారు లేచి రెండు నిమిషాలు మాట్లాడాడు. "ఎర్త్ గుంత ఇంకా లోతు చేయించుండ్రి. బండ ఉన్నదని ఆగకుండ్రి. ఎండకాలం రోజు రెండు బకెట్ల నీళ్ళు పొయ్యాలె" అన్నాడు. ఆ జూన్‌లోనే ఇద్దరు రాళ్ళు కొట్టేవాళ్ళను పెట్టి ఆ బండ పగలగొట్టించాను. దసరాకు నాకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది.

టీచరమ్మ మిషన్ బడి ఉద్యోగం వదిలి ఆయన వెంట పోయింది. పంతొమ్మిదేళ్ళు చెప్పిన బడి.

ఆ తరువాత నేను సారును ఒక్కసారే కలిశాను. రిటైరై కాజీపేటలో అద్దెకు దిగాడని తెలిసినాక, నెల రోజులు ఆలోచించి, ఒక సాయంత్రం పోయాను. టీచరమ్మ చర్చిలో ఆడవాళ్ళ మీటింగుకు పోయిందట. సారు చిక్కిపోయాడు. స్టూలు వేశాడు. చాయ ఆయనే పెట్టాడు.

"పర్మనెంటు అయిందా?"

"అయింది సార్."

"మంచిది. గుంతల నీళ్ళు పోస్తాండ్రా?"

"పోస్తానం సార్."

చాయ తాగినాక నేను అన్నాను, "సార్, ఆ కాగితం..."

"చూసిన" అన్నాడు. "అది పోనీ. నాకు ఒకటి ఇంకా తెలువలేదు సమ్మయ్యా. ఎర్త్ మెల్లెగ పాడైతది. ఒక్క దినంల కాదు. ముందుగాల ఏదన్న తెలిసి ఉండాలె. ఎట్లయింది?"

అప్పుడు చెప్పాను, ఎల్లవ్వ చీమలు కుట్టినట్టు అయిందన్న సంగతి, నేను నవ్విన సంగతి. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. సారు నన్ను తిట్టలేదు. లేచి, కళ్ళద్దాలు వెతుక్కుని, ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఎండకాలంలో కొలవాలి. గది ఊడ్చేవాళ్ళను నెలకోసారి కూర్చోబెట్టి అడగాలి. ఇది ఎవరికి సార్ అంటే, తాను రిటైరైన కాలేజీకి వచ్చే ఏడు కంప్యూటరు వస్తోందట, వాళ్ళకు పోస్టు చేస్తానన్నాడు. వాళ్ళు ఆయన్ను అడగలేదు. నేను లేస్తుంటే గేటు దాకా వచ్చాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. మళ్ళీ రమ్మన్నాడు. నేను పోలేదు.

సమాధి చేసిన రోజు వాన కొంచెం తెరిపి ఇచ్చింది. పదకొండు మందిలో సారు పోగా వచ్చింది నలుగురం. పాస్టరు ప్రార్థన అయినాక వరుసగా మట్టి వేశాం. టీచరమ్మ తన బిడ్డ భుజం పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి పిలిచింది.

"వచ్చినవా సమ్మయ్యా. మా సారు నీ మాట చెప్తుండె. కరెంటు పని తెలిసిన మనిషని."

నేను తల వంచుకున్నాను.

"మంచిగ ఇక్కడ మీ అందరి నడుమ ఉండక, ఎవరో తరిమినట్టు తానే ట్రాన్స్‌ఫర్ అడుక్కొని పోయిండు. ఆ నీళ్ళు పడలేదు, ఆ గాలి పడలేదు. ఇక్కడ ఉంటె ఇంకో పదేండ్లు బతుకుతుండె" అన్నది.

తానే అడుక్కుని పోయాడని. ఇన్నేళ్ళూ ఆయన ఇంట్లో చెప్పింది అదే. మా తొమ్మిది కాగితాల సంగతి భార్యకు చెప్పలేదు. లెక్కల లెక్చరరు పక్కనే ఉన్నాడు, ఆయనా విన్నాడు. చేతికి అంటిన మట్టి దులుపుకుంటూ గేటు వైపు నడిచాడు. నేనూ ఆయన వెనకనే నడిచాను.

రెండు వారాలు అదే మాట చెవిలో ఉంది. పదిహేనో రోజు కాజీపేట పోయాను. ఎల్లవ్వ కూడా వస్తానంటే ఆమెను ఆమె బిడ్డ ఇంట్లో ఉండమని, ఒక్కణ్ణే పోయాను. టీచరమ్మ ఇల్లు ఖాళీ చేసే పనిలో ఉంది. పుస్తకాలు కట్టలు కట్టి ఉన్నాయి. కూర్చోమన్నది. కూర్చోకుండానే చెప్పాను. ఆఫీసరు ఒక్క పేరు అడగడం, సారు చెప్పకపోవడం, మేం రాసిచ్చింది, నేను రాసింది, గుంత కాడ నమ్మకమే సార్ అన్నది, అన్నీ. సారు బదిలీ అడగలేదమ్మా, పంపించారు అని చెప్పాను.

ఆమె చేతిలోని పుస్తకాల కట్ట కింద పెట్టింది. తరువాత అడిగింది, "ట్రాన్స్‌ఫర్ ఆయన ఒక్కసారి గూడ అడగలేదా?"

"లేదమ్మా."

"నా బడి పోయిందని ఆయన తోని ఏడాది సరిగ మాట్లాడలేదు సమ్మయ్యా. ఎందుకు అడుక్కున్నవని ఎన్నిసార్లు దెప్పిన్నో. బుద్ధి పుట్టింది, అడిగిన అనేటోడు. మొన్న పోయే ముందటి రోజు గూడ అన్న."

నేను కాళ్ళ కాడి కట్టను గోడ వారకు జరిపాను.

"ఆయన ఉండంగ ఒక్కసారి వచ్చి నాకు చెప్పకపోతివి" అన్నది. గొంతు పెంచలేదు. చాయ పెడతానని లోపలికి పోయింది. కిరోసిన్ స్టవ్ కొట్టిన చప్పుడు వినిపించింది. ఎంతసేపైనా రాకపోతే తలుపు కాడికి పోయి చూశాను. స్టవ్ మీద గిన్నె లేదు. ఉత్త మంట మండుతోంది. ఆమె దాని ముందు నిలబడి ఉంది.

ఇది రాస్తానని ఆమెకు చెప్పాను. రాయమనలేదు, వద్దనలేదు.

ఆ వచ్చిన సోమవారం పొద్దున సామాను స్టేషనుకు చేర్చాం, నేను, ఎల్లవ్వ, ఎల్లవ్వ అల్లుడు. కమిటీ వాళ్ళు ఇంకెవరూ రాలేదు. బండి నలభై నిమిషాలు ఆలస్యం. టీచరమ్మ, ఆమె బిడ్డ పదీ పదికి బండి ఎక్కి ఖమ్మంలో బిడ్డ ఇంటికి పోయారు.